రోజూ పదకొండుంపావుకి ఫ్రీ డిష్ ఆగిపోతోంది, పక్కింటి పిల్లర్ల వల్లేనా?

సన్నజాజి (మార్చి 12, రాత్రి 9:40)

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ పెట్టించి నాలుగేళ్లయింది. నిజం చెప్పాలంటే టీవీ కోసం కాదు, రేడియో కోసం. నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. పాత ట్రాన్సిస్టర్ గురగురమంటోందని ఈ బాక్సులో వచ్చే ఆకాశవాణి చానళ్లకి అలవాటు పడ్డారు. తెర మీద ఒకే బొమ్మ కదలకుండా ఉంటుంది, పాటలు వస్తుంటాయి, ఆయన వాలుకుర్చీలో కళ్లు మూసుకుని వింటుంటారు. ఇంటికొచ్చినవాళ్లు "టీవీ పాడైందా మాస్టారూ" అని అడగడం మామూలే.

మూడు రోజుల నుంచి పదకొండుంపావు ప్రాంతంలో పాట సగంలో తెగిపోతోంది. తెర మీద "నో సిగ్నల్" అని వస్తుంది. కాసేపటికి ఎవరూ ఏమీ చెయ్యకుండానే మళ్లీ వచ్చేస్తుంది. నిన్న సాయంత్రం ఒక మెకానిక్‌ని పిలిచాను. అతనొచ్చిన టైముకి అన్నీ బాగానే వస్తున్నాయి. అయినా ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) పోయిందన్నాడు, కొత్తది బిగించాడు, ఆరువందలు తీసుకున్నాడు. ఇవాళ పదకొండుంపావుకి మళ్లీ అదే కథ.

నాన్నగారు పాలలెక్క రాసే నోటుబుక్కులో వెనకపేజీ తీసి ఇలా రాశారు:

10వ తేదీ: 11:16 నుంచి 11:19
11వ తేదీ: 11:14 నుంచి 11:20
12వ తేదీ: 11:13 నుంచి 11:21

అసలు తలనొప్పి ఇప్పుడు మొదలైంది. మా తూర్పు పక్కింటివాళ్లు మేడ మీద ఇంకో అంతస్తు వేస్తున్నారు. పిల్లర్లు లేచాయి, వాటి పైన ఇనుప ఊచలు నిలబడి ఉన్నాయి. మా డిష్ చూస్తే సరిగ్గా ఆ పిల్లర్ల మొహానే ఉంది. "ఊచలు పైకి లేచినప్పటి నుంచే ఇది మొదలైంది, పోయి మాట్లాడతాను" అంటున్నారు నాన్నగారు. ఇరవై ఏళ్ల స్నేహం వాళ్లది, సాయంత్రమైతే ఒకే అరుగు మీద కూర్చుంటారు. ఈ డిష్ దగ్గర పాడవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఇనుప ఊచలు రోజుకి ఏడెనిమిది నిమిషాలు మాత్రమే అడ్డం వస్తాయా? అయినా రేడియో ఎందుకు ఆగాలి, అది గాల్లో వచ్చేదే కదా?

---

బెంజ్‌సర్కిల్ (మార్చి 12, రాత్రి 10:05)

వైరు చివర స్క్రూలా తిప్పి పెట్టే కనెక్టర్ చూడండి. పదకొండుకి ఎండ ఎక్కుతుంది, లోపలి రాగి తీగ సాగి లూజవుతుంది. మాకు కిందటేడు ఇలాగే అయితే కనెక్టర్ మార్పిస్తే ఇరవై రూపాయల్లో పోయింది. అప్పటికీ పోకపోతే బాక్సు అడాప్టర్. ఎల్‌ఎన్‌బీ అని చెప్పి డబ్బులు గుంజడం మామూలే.

---

పొలంగట్టు (మార్చి 12, రాత్రి 10:31)

కనెక్టర్ అయితే సాయంత్రం దాకా ఎండ ఉంది కదా బ్రదర్, పదకొండూ ఇరవై ఒకటికి చల్లబడిపోతుందా?

మాది పొన్నూరు వైపు. మాకూ ఇవాళ సరిగ్గా ఆ టైముకే పోయింది, ఫ్రీ డిష్షే. మా ఇంటి చుట్టూ మినుము చేలు తప్ప ఒక్క గోడ లేదు. సన్నజాజి గారూ, ముందు మీ నాన్నగారిని అరుగు మీదే కూర్చోబెట్టండి.

---

పాత కేబులాయన (మార్చి 12, రాత్రి 11:50)

అమ్మా, పక్కింటివాళ్లకీ దీనికీ సంబంధం లేదు. తీసేసిన ఎల్‌ఎన్‌బీ కూడా పారెయ్యకండి, అది బాగానే ఉండి ఉంటుంది. మీ నాన్నగారు రాసిన మూడు లైన్లు చదవగానే నాకు విషయం అర్థమైపోయింది. మూడు నిమిషాలు, తర్వాత ఆరు, తర్వాత ఎనిమిది. మూడు రోజులూ నడిమధ్య టైము మాత్రం పదకొండూ పదిహేడే. ఇంత పద్ధతిగా వచ్చిపోయేవాడు ఒక్కడే. సూర్యుడు.

తొంభైల్లో నేను మా ఊళ్లో కేబుల్ నడిపాను. మేడ మీద నాలుగు పెద్ద డిష్‌లు, కింద గదిలో రిసీవర్లు, ఊరంతా వైర్లు. ఏటా రెండుసార్లు, మార్చిలోనూ దసరా ముందూ, ఈ బాధ వచ్చేది. దీన్ని సన్ అవుటేజ్ అంటారు.

మీ డిష్ చూసే ఉపగ్రహం జీశాట్-15. 2015 నవంబరు 11న, దీపావళి రోజు తెల్లవారకముందే, ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద వెళ్లింది. బరువు 3,164 కిలోలు, అందులో 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు, అంటే కిందనుంచి వచ్చిన సిగ్నల్ అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకి సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. నికోబార్ దీవుల దగ్గర మొదలుపెట్టి తిన్నగా దక్షిణానికి పోతే భూమధ్యరేఖ తగిలేచోట సముద్రం ఉంటుందే, దాని నడినెత్తిన అన్నమాట. భూమి ఒక చుట్టు తిరిగే 23 గంటల 56 నిమిషాల్లోనే అదీ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే మన కంటికి కదలనట్టు ఉంటుంది, డిష్ ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి అలాగే పనిచేస్తుంది.

అది కదలదు గానీ దాని వెనక ఆకాశంలో సూర్యుడు కదులుతాడు కదా. చలికాలమంతా దక్షిణంగా ఉండి, మార్చి వచ్చేసరికి రోజుకింత చొప్పున ఉత్తరానికి జరుగుతుంటాడు. జరిగి జరిగి ఏదో ఒకరోజు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి పోవాలి. ఆ నాలుగైదు రోజులే మీ నాన్నగారు రాసిన రోజులు. డిష్‌కి కళ్లెదురుగా ఉపగ్రహం, దాని వెనకే సూర్యుడు. సూర్యుడి నుంచి వెలుగూ వేడే కాదు, రేడియో తరంగాలు కూడా వస్తాయి. ఉపగ్రహం అంత దూరం నుంచి పంపేది చీమ గొంతు. దాని వెనకాల జాతర మైకు పెడితే మీకేం వినపడుతుంది? సిగ్నల్ ఆగలేదమ్మా, గోలలో కలిసిపోయింది.

రేడియో ఎందుకు ఆగిందంటే, మీకొచ్చేది విజయవాడ టవరు నుంచి వచ్చే రేడియో కాదు. ఆకాశవాణి పాటలూ దూరదర్శన్ బొమ్మలూ ఒకే మూటలో కట్టి పైకి పంపుతారు, పైనుంచి ఆ మూటే కిందికొస్తుంది. మూట తడిస్తే అన్నీ తడుస్తాయి.

మా కాలంలో ఇది ఇంత మొరటుగా ఉండేది కాదు. అప్పట్లో అనలాగ్. ముందు తెర మీద ఒకటీ రెండూ తెల్ల చుక్కలు మెరిసేవి, తర్వాత జల్లు, తర్వాత ఇసుక తుఫాను, మళ్లీ మెల్లగా తేరుకునేది. ఆ మధ్యలో కూడా మనిషి ఆకారం కనపడుతుండేది. డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు. సరిపడినంత ఉంటే అద్దంలా వస్తుంది, కొంచెం తగ్గితే మొత్తం పోతుంది.

ఒక సంగతి చెప్తాను, తప్పు నాదే. పన్నెండడుగుల రేకు డిష్ తుప్పు పడుతోందని ఒక వేసవికి ముందు నేనే వెండిరంగు పెయింట్ వేయించాను. మేడ మీద తళతళలాడిపోతుంటే ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. మార్చిలో ఒకరోజు బొమ్మ పోయింది. సూర్యుడేలే, పది నిమిషాల్లో వస్తుందని కూర్చున్నా. రాలేదు. మేడెక్కితే కాలిన ప్లాస్టిక్ వాసన. డిష్ మధ్యలో కర్రల మీద నిలబెట్టిన ఫీడ్, అంటే డిష్ పోగుచేసిన సిగ్నల్‌ని అందుకునే భాగం, దాని మూతి మీది మూత కరిగి, వేడి పెనం మీద వెన్నముద్దలా జారి వేలాడుతోంది. సూర్యుడు ఎదురుగా నిలబడ్డ ఆ టైములో పన్నెండడుగుల డిష్ మీద పడ్డ ఎండంతా పోగై ఆ చిన్న మూతి మీద పడిందన్నమాట. డిష్‌లు మెరుపు లేకుండా బూడిదరంగులో ఎందుకుంటాయో నాకు ఆరోజు తెలిసింది. అదే రోజు ఉప్పుకాగితంతో మెరుపంతా గీకించాను.

ఇక మీ నాన్నగారి అనుమానం. అది అర్థంలేనిదేం కాదు. ఇప్పటి చిన్న డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ మధ్యలో ఉండదు, కింద నుంచి చెయ్యి చాపినట్టు ఉంటుంది చూడండి. ఇలాంటి డిష్ మొహం ఒకవైపు, చూపు ఇంకోవైపు. మొహం ఎటు తిరిగి ఉందో దానికి ఇంచుమించు పాతిక డిగ్రీలు పైకి చూస్తుంటుంది. తెనాలి నుంచి ఈ ఉపగ్రహం ఆగ్నేయం దిక్కున, నేల నుంచి 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే నడినెత్తికి కాస్త కింద. డిష్ మాత్రం పక్కింటి గోడని చూస్తున్నట్టే కనపడుతుంది. ఈ సంగతి తెలీక వాళ్లూ వీళ్లూ చెట్లు కొట్టేయించడం కూడా చూశాను.

రేపు 13. రేపే గట్టిగా పోతుంది. పదకొండుంబావుకి మేడెక్కి రెండు పనులు చెయ్యండి. ఒకటి, డిష్ పక్కన నిలబడి దాని నీడ చూడండి. సూర్యుడు ఆ టైములో ఎక్కడున్నాడో ఉపగ్రహం కూడా అక్కడే ఉంది. కళ్లు పైకెత్తి చూడొద్దు, నీడ చాలు. డిష్ పూర్తిగా ఎండలో ఉంటే దారి శుభ్రంగా ఉన్నట్టే. రెండు, పక్కింటి ఊచల నీడ కొస మీ మేడ మీద ఎక్కడ పడిందో సుద్దముక్కతో గీత గీయండి, డిష్‌కి ఎన్ని అడుగుల దూరమో కొలవండి. ఎందుకో తర్వాత చెప్తా.

ఆ పది నిమిషాలూ డిష్ నట్టు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. సరిగ్గా ఆ టైములోనే మెకానిక్ వచ్చి డిష్ తిప్పేసి, ఉన్న సెట్టింగ్ కూడా పాడుచేసిన ఇళ్లు బోలెడున్నాయి.

---

తరంగం (మార్చి 13, ఉదయం 7:15)

కేబులాయన గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను కమ్యూనికేషన్స్ చదువుకున్నాను కాబట్టి కొంచెం లెక్క కలుపుతాను, మాస్టారికి నచ్చుతుందేమో.

పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20న కాకుండా వారం ముందే ఎందుకు? ఉపగ్రహం భూమధ్యరేఖ మీద ఉంది, మనం దానికి ఉత్తరంగా 16 డిగ్రీల దగ్గర ఉన్నాం. ఇక్కణ్నుంచి చూస్తే అది భూమధ్యరేఖ తలానికి దాదాపు 2.8 డిగ్రీలు దక్షిణంగా కనపడుతుంది. సూర్యుడు ఆ గీత దాటేది మార్చి 13 ప్రాంతంలో. తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే గీత దాటేది సెప్టెంబరు 30 ప్రాంతంలో. అప్పుడు మాత్రం టైము 10:57 అవుతుంది, సూర్యుడు మన గడియారాన్ని ఏడాది పొడుగునా ఒకేలా పాటించడు కాబట్టి.

ఇంకొకటి. ఉపగ్రహాలన్నీ ఆకాశంలో తూర్పు నుంచి పడమరకి ఒక వరసలో ఉన్నాయి, సూర్యుడు ఆ వరస వెంట నడుచుకుంటూ పోతాడు. తెనాలిలో ఇవాళ 108.2 డిగ్రీల ఉపగ్రహం వైపు తిప్పిన డిష్‌లకి పదీ పది ప్రాంతంలో, 95 డిగ్రీల వాటికి పదకొండూ పదికి, మీకు పదకొండూ పదిహేడుకి, 83 డిగ్రీల వాటికి పన్నెండూ ఐదు దాటాక రావాలి. వీధిలో వేర్వేరు కంపెనీల డిష్‌లు ఉంటే అడిగి చూడండి. పెద్దగా ఆగకపోవచ్చు కూడా, డిష్ గురి బాగా కుదిరి ఉంటే బొమ్మ కాస్త గళ్లు గళ్లుగా అయి ఊరుకుంటుంది. మీది ఎనిమిది నిమిషాలు పోయిందంటే సెట్టింగ్‌లో ఏదో లోపం ఉండొచ్చు. మామూలు టైములో బాక్సు మెనూలో సిగ్నల్ క్వాలిటీ ఎంత చూపిస్తోంది?

ఇవే వారాల్లో రాత్రిపూట ఇంకో తమాషా జరుగుతుంది. అర్ధరాత్రి ముందు ఉపగ్రహం భూమి నీడలోకి పోతుంది. ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు దానికి ఎండ ఉండదు, సోలార్ ప్యానెళ్లు పనిచెయ్యవు. లోపలి బ్యాటరీల మీద నడిచి మళ్లీ ఎండలోకి వస్తుంది. ఆ టైములో మన పాట మాత్రం ఆగదు. పగలు దానికి ఏ లోటూ లేనప్పుడు మనకి ఆగుతుంది, రాత్రి దానికి కరెంటు పోయినప్పుడు మనకి తెలీను కూడా తెలీదు.

---

సన్నజాజి (మార్చి 13, మధ్యాహ్నం 12:30)

అందరికీ నమస్కారం. పదకొండూ పదికే నాన్నగారు తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో గడియారం, నోటుబుక్కుతో మేడెక్కారు. కింద టీవీ వాల్యూమ్ పెంచి కిటికీ తెరిచి పెట్టాను. 11:13కి పాట తెగింది. 11:21కి వచ్చింది. ఈలోపల డిష్ మొత్తం ఎండలోనే ఉంది, దాని మీద ఎవరి నీడా లేదు. ఎల్‌ఎన్‌బీ మూతి మీద మాత్రం చుట్టూ ఉన్న ఎండ కంటే కొంచెం ఎక్కువ వెలుగు పడింది. నేను వేలు పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి పాపం వాళ్లనెందుకు అనడం" అన్నారు.

పక్కింటి ఊచల్లో నైరుతి మూలది అన్నిటికంటే దగ్గర. దాని నీడ కొస డిష్ పాదానికి రెండడుగుల దూరంలో పడింది. సుద్దతో గీశాం.

క్వాలిటీ 48 చూపిస్తోంది. ఎంతుండాలి?

రెండిళ్ల అవతల వేరే కంపెనీ డిష్ ఉన్నావిడని అడిగాను. పన్నెండు దాటాక ఫోన్ చేసి "మాదీ గళ్లు గళ్లుగా అవుతోంది, నీకెలా తెలుసే" అంది.

---

పాత కేబులాయన (మార్చి 13, రాత్రి 8:20)

రెండడుగులే అన్నారు కదూ. అందుకే కొలవమన్నాను.

మన దగ్గర ఈ ఉపగ్రహానికి లెక్క సులువు: అడ్డం ఎంత దూరంలో ఉంటే దానికి రెండింతల పైచిలుకు ఎత్తు వరకు పర్వాలేదు. రెండడుగుల జాగా ఉందంటే, ఇప్పుడున్న ఊచ కొస కంటే ఇంకో నాలుగడుగుల ఎత్తు దాకా ఫర్వాలేదు. పైన స్లాబు వేసి, పిట్టగోడ కట్టుకున్నా ఆ ఊచల ఎత్తే ఉంటుంది. కానీ వాళ్లు నీళ్ల ట్యాంకు ఎక్కడ పెడుతున్నారు? అడగండి. మామూలుగా వాస్తు ప్రకారం పైట్యాంకు నైరుతిలో పెట్టమంటారు. వాళ్లు మీకు తూర్పున ఉన్నారు. అంటే వాళ్ల నైరుతే మీ ఆగ్నేయం.

మూడడుగుల దిమ్మె, దాని మీద అయిదడుగుల ట్యాంకు అనుకుంటే స్లాబు నుంచి ఎనిమిది. ఊచలు ఇప్పుడు మూడడుగులు పైకి ఉంటాయి. ఇంకా అయిదడుగులు లేస్తుంది. మీకు ఉన్నది నాలుగుకి కాస్త పైన. ఆ రోజు మాత్రం పోయేది ఎనిమిది నిమిషాలు కాదు, ఇరవై నాలుగ్గంటలూ.

గొడవ అక్కర్లేదు. డిష్‌ని పడమర వైపుకి ఓ అయిదారడుగులు జరిపితే సరి. వైరు పొడుగు చాలకపోతే మధ్యలో అతుకు వెయ్యకుండా కొత్త వైరే లాగించండి, అతుకులోకి వానాకాలం నీళ్లు దిగుతాయి. జరిపేది రేపూ ఎల్లుండిలోనే జరపండి. సూర్యుడే ఉపగ్రహం ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తున్న రోజులివి, స్థలం చూసుకోవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం మళ్లీ దసరా ముందే.

48 చాలా తక్కువ. డిష్ గురి పక్కకి పోయింది. ఇంకో సంగతి, 95 డిగ్రీల దగ్గర వేరే ఉపగ్రహం ఉంది, మీదానికి డిగ్రీన్నర దూరం. మన కంటికి గోరంత తేడా. కొత్తవాళ్లు బిగిస్తే ఇటు కాస్త, అటు కాస్త మధ్యలో ఎక్కడో ఆపేస్తారు. 2010 జులైలో ఇదే 93.5 దగ్గరున్న ఇన్సాట్-4బీకి కరెంటు సరఫరాలో లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు ఒక ప్రైవేటు డీటీహెచ్ వాళ్లు చానళ్లని 91.5కి మార్చుకున్నారు. ఆ నెలంతా నేను నిచ్చెన దిగలేదు. ఊళ్లో ప్రతి డిష్‌నీ రెండేసి డిగ్రీలు తిప్పాలి. మొదటి రోజు ఒక్కో ఇంటికి గంట పట్టింది, వారం తిరిగేసరికి చాయ్ చల్లారేలోపు అయిపోయేది.

---

తరంగం (మార్చి 13, రాత్రి 9:02)

ఆ ఇన్సాట్-4బీ సంగతి చెప్పారు కాబట్టి, దాని ముగింపు కూడా. 2007 మార్చిలో వెళ్లిన ఉపగ్రహం అది. 2022 జనవరిలో మిగిలిన ఇంధనంతో దశలవారీగా 11 సార్లు ఇంజన్లు మండించి మామూలు కక్ష్య కంటే 340 కిలోమీటర్లు పైకి తోసేసి ఆపేశారు, కింద తిరిగేవాటికి అడ్డం రాకుండా. ఇప్పుడది అక్కడ ఊరికే తిరుగుతోంది.

సన్నజాజి గారూ, గురి చూసేటప్పుడు బాక్సులో ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేట్ 29500 పెట్టి క్వాలిటీ చూడండి. స్ట్రెంత్ అని ఇంకో గీత ఉంటుంది, దాన్ని నమ్మకండి. డిష్‌ని ఎటు తిప్పినా అది పెద్దగా మారదు.

---

బెంజ్‌సర్కిల్ (మార్చి 13, రాత్రి 9:30)

కనెక్టర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మా ఇరవై రూపాయలు మాత్రం నిజం.

---

సన్నజాజి (మార్చి 17, సాయంత్రం 6:10)

ఆలస్యానికి క్షమించండి, చెప్పాల్సింది చాలా ఉంది.

14వ తేదీ పొద్దున నాన్నగారు పక్కింటికెళ్లారు. నేను భయపడ్డట్టు కాదు, నోటుబుక్కు పట్టుకుని వెళ్లారు. పక్కింటి బాబాయిగారితో కలిసి వాళ్ల మేడ మీద గంటసేపు ఉన్నారు. ట్యాంకు నైరుతిలోనేనట. సిద్ధాంతి గారు అక్కడే పెట్టమని చెప్పారట, దిమ్మె కూడా గుర్తు గీసి ఉంది. కేబులాయన గారూ, మీరు చూడకుండానే చెప్పారు. బాబాయిగారు "పోనీ ట్యాంకు అటు జరుపుతాలే మాస్టారూ" అన్నారట. నాన్నగారు "వద్దు, మా పాట కోసం మీ వాస్తు చెడగొట్టుకోవడమెందుకు, మా డిష్షే జరుపుకుంటాం" అని వచ్చేశారు.

ఆ రోజు 11:13 నుంచి 11:20 దాకా పోయింది. అదే టైములో మేడ మీద పడమర వైపు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద ఏ నీడా పడకుండా ఉండే చోటు చూసుకున్నాం. సాయంత్రం బాబాయిగారి మేస్త్రీ వచ్చి కొత్త చోట నాలుగు బోల్టులు దించి డిష్ బిగించి వెళ్లాడు, డబ్బులు తీసుకోలేదు. గురి మాత్రం మేమే చూసుకున్నాం. నేను డిష్ పట్టుకుని, కింద తమ్ముడు టీవీ ముందు, మధ్యలో మెట్ల మీద నాన్నగారు. తమ్ముడు అంకె చెప్తే ఆయన గట్టిగా అరిచి నాకు చెప్పేవారు. "సున్నా... సున్నా... పన్నెండు... ఆగు... నలభై మూడు... అమ్మాయ్ ఊపిరి పీల్చకు... డెబ్బై ఒకటి!" కదిపింది గోరంత కూడా లేదు, అంకె మాత్రం నలభై నుంచి డెబ్బైకి దూకింది. నట్టు బిగిస్తుంటే అరవై ఆరుకి పడింది. వదిలి మళ్లీ మొదటి నుంచి. ముందు ఒకవైపు సగం, తర్వాత రెండోవైపు సగం బిగించాలని మూడోసారికి తెలిసింది. చివరికి డెబ్బై దగ్గర ఆగింది.

15వ తేదీ పొద్దున బాబాయిగారు కూడా వచ్చి మా హాల్లో కూర్చున్నారు, చూద్దామని. 11:15కి పాట తెగింది, 11:17కి వచ్చేసింది. రెండే నిమిషాలు. నిన్న 16న అసలు ఆగలేదు, ఒక్కసారి ఎక్కిళ్లు వచ్చినట్టు అయి ఊరుకుంది. ఇవాళ అదీ లేదు.

ఆరువందల ఎల్‌ఎన్‌బీ పెట్టిన మెకానిక్ దారిలో కనపడితే విషయం చెప్పాను. "అయితే ఎల్‌ఎన్‌బీ బాగానే పనిచేస్తోందన్నమాట" అన్నాడు.

గోడ మీద క్యాలెండర్‌లో సెప్టెంబరు పేజీ ఎత్తి 30వ తేదీ గడిలో నాన్నగారు 10:57 అని రాశారు. కింద చిన్న అక్షరాలతో బాబాయిగారి పేరు, కాఫీ అని కూడా రాసి ఉంది.